బ్యూరెట్ పట్టని చేతులు

ఇంటర్మీడియట్ రసాయన శాస్త్రం చదివే విద్యార్థికి ఇవాళ పాఠాల కరవు లేదు. విద్యుద్రసాయన శాస్త్రంలో నెర్న్‌స్ట్ సమీకరణం బోధపడకపోతే రాత్రి పదకొండింటికైనా ఫోనులో వీడియోలు దొరుకుతాయి. ఎన్‌సీఈఆర్‌టీ పుస్తకాలు పైసా ఖర్చు లేకుండా చదువుకోవచ్చు. 2017లో మొదలైన దీక్ష, స్వయం అనే కేంద్ర ప్రభుత్వ ఆన్‌లైన్ పాఠాల వేదికలున్నాయి. హైదరాబాద్ నుంచే ప్రసారమయ్యే టీ-శాట్ విద్యా ఛానల్ ఉంది. కోచింగ్‌కు లక్షలు పోయలేని బోరబండ, చాంద్రాయణగుట్ట ఇళ్ల పిల్లలకు ఇది చిన్న మేలు కాదు. ఒకప్పుడు ఏ నలుగురైదుగురు పేరున్న అధ్యాపకుల తరగతిలోనో చోటు దొరికితే తప్ప వినలేని పాఠాలు ఇప్పుడు అందరికీ అందుతున్నాయి. ఆన్‌లైన్ చదువంటే కాలక్షేపమని కొట్టిపారేసేవారితో మేము ఏకీభవించం.

మా ఆందోళన వేరు. పాఠం చెప్పేవారు పెరిగారు, రాసింది దిద్దేవారు పెరగలేదు. రసాయన శాస్త్రం చేతితో చేసి, చేతితో రాసి నేర్చుకోవలసిన విద్య. ఫోను ఆ రెండు పనులూ చేయించలేదు. ఆ లోటును పూడ్చవలసిన ప్రభుత్వమూ, ఇంటర్ బోర్డూ వీడియోలు అందుబాటులో ఉంచడంతో తమ బాధ్యత తీరిందనుకుంటే అది పొరపాటు.

పిల్లలందరికీ తెలిసిన ఒక లెక్క చూడండి. ప్రథమ క్రమాంక చర్య (మిగిలిన పదార్థం గాఢతను బట్టి వేగం మారే చర్య) 99.9 శాతం పూర్తి కావడానికి పట్టే కాలం, 90 శాతం పూర్తి కావడానికి పట్టే కాలానికి మూడు రెట్లని చూపాలి. వీడియోలో ఇది రెండు నిమిషాల పని. మొదటి సందర్భంలో లాగరిథమ్ విలువ 3, రెండో దానిలో 1, నిష్పత్తి మూడు. చూస్తున్నంతసేపూ అంతా తేటతెల్లంగా ఉంటుంది. అదే విద్యార్థి తెల్లకాగితం ముందు కూర్చుంటే, సమీకరణంలో మిగిలిన గాఢత వేయవలసిన చోట ఖర్చయిన గాఢత వేస్తాడు. 0.1 ఉండవలసిన చోట 99.9 వచ్చి కూర్చుంటుంది. జవాబు ఎందుకు తప్పిందో అతనికి అంతుపట్టదు. మళ్లీ వీడియో చూస్తాడు, మళ్లీ అంతా అర్థమైనట్టే ఉంటుంది. పక్కన నిలబడి ‘ఇక్కడ మిగిలింది వేయాలి, అయిపోయింది కాదు’ అని ఎర్ర కలంతో ఒక్క గీత గీసే అధ్యాపకుడు ఉంటే ఆ తప్పు జన్మలో మళ్లీ చేయడు.

పరీక్షల తీరు ఈ చిక్కును ఇంకా ముదరబెడుతోంది. ఇన్నాళ్లుగా నడుస్తున్న పద్ధతిలో బోర్డు పరీక్షలో రసాయన శాస్త్రం థియరీకి 60 మార్కులు, వ్యవధి మూడు గంటలు, గట్టెక్కడానికి 21 రావాలి. రెండు మార్కుల ప్రశ్నలు పదీ రాయాలి. నాలుగు మార్కులవి ఎనిమిదింటిలో ఆరు, ఎనిమిది మార్కులవి మూడింటిలో రెండు. సమీకరణం తూచి రాయాలి, పటం గీయాలి, ప్రమాణాలు వదలకుండా లెక్క చేయాలి. మరోపక్క ఇంజినీరింగ్, ఫార్మసీ కోర్సుల ప్రవేశ పరీక్ష ఎప్‌సెట్‌లో 180 నిమిషాల్లో 160 ప్రశ్నలు, అందులో రసాయన శాస్త్రానివి 40. అక్కడ కలం పని తక్కువ, సరైన ఐచ్ఛికాన్ని గుర్తిస్తే చాలు. ఆన్‌లైన్ వేదికలు సహజంగానే ఈ రెండో పరీక్షకే మొగ్గు చూపుతాయి. బహుళైచ్ఛిక ప్రశ్నను యంత్రం క్షణంలో దిద్దగలదు. చేత్తో రాసిన ఎనిమిది మార్కుల జవాబును దిద్దాలంటే మనిషి కావాలి, మనిషికి జీతం ఇవ్వాలి. అందుకే నమూనా పరీక్షలు కుప్పలుతెప్పలుగా ఉన్నా, జవాబుపత్రం చూసి పెట్టే దిక్కు ఉండదు.

ఇదంతా ఊహించి చెబుతున్నది కాదు. కరోనా కాలంలో ఎక్కువ భాగం ఆన్‌లైన్ పాఠాలతోనే మొదటి సంవత్సరం గడిపిన తెలంగాణ విద్యార్థులు 2021 అక్టోబరులో పరీక్షలు రాశారు. డిసెంబరులో ఫలితాలు వస్తే ఉత్తీర్ణులైనవారు 49 శాతమే. ఆందోళనలు చెలరేగాక తప్పినవారందరికీ కనీస మార్కులు వేసి ప్రభుత్వం గండం గట్టెక్కింది. ఆ పిల్లల తెలివితేటల్లో లోపమేమీ లేదు. ఇంట్లో ఉన్న ఒక్క ఫోనును తమ్ముడితో, చెల్లెలితో పంచుకున్నవారు, ఏడాది పొడవునా ఒక్క జవాబైనా ఎవరికీ చూపించుకోలేకపోయినవారు అందులో ఎందరో. ఉత్తీర్ణత ప్రకటించి ఆ అధ్యాయం మూసేశాం. వినిపించిన పాఠానికీ రాయించిన పాఠానికీ ఉన్న తేడా గురించి తీరిగ్గా ఆలోచించనే లేదు.

ఇక ప్రయోగశాల మాట. ఆక్సాలిక్ ఆమ్లాన్ని పొటాషియం పర్మాంగనేట్‌తో అంశమాపనం (గాఢత తేల్చే టైట్రేషన్) చేయడం ఏళ్ల తరబడి పిల్లలు చేస్తున్న ప్రయోగమే. ఆమ్ల ద్రావణానికి సల్ఫ్యూరిక్ ఆమ్లం కలిపి 60, 70 డిగ్రీల దాకా వేడి చేయాలి. ద్రావణాన్ని చుక్కలుగా వదిలే కొలత గొట్టమైన బ్యూరెట్ నుంచి పడిన మొదటి చుక్కల ఊదారంగు వెంటనే పోదు. కంగారుపడి మరో నాలుగు చుక్కలు వదిలితే పని చెడుతుంది. శాంకవ కుప్పెను తిప్పుతూ ఓపిక పట్టాలి. చర్యలో పుట్టిన మాంగనీస్ అయాన్లే ఉత్ప్రేరకంగా మారాక, ఆ తర్వాతి చుక్కల రంగు పడీ పడగానే మాయమవుతుంది. చివరికి ఒకే ఒక్క చుక్కకు ద్రావణమంతా లేత గులాబీ రంగు తిరిగి అర నిమిషం పాటు నిలవాలి. ద్రావణం ముదురు రంగులో ఉంటుంది కనుక బ్యూరెట్‌లో కొలతను కింది అంచు దగ్గర కాక పై అంచు దగ్గర తీసుకోవాలి. ఇవన్నీ చదివితే ఒక పేరా. చేస్తే కంటికీ, వేళ్లకూ అబ్బే విద్య. చర్యల వేగాన్ని చెప్పే గతిశాస్త్రంలో చదివిన స్వయం ఉత్ప్రేరణ, అంటే చర్యలో పుట్టిన పదార్థమే చర్యను వేగిరపరచడం, ఆ కుప్పెలో కళ్లముందే జరుగుతుంది.

అమృత విశ్వ విద్యాపీఠం, కేంద్ర ప్రభుత్వ కంప్యూటర్ పరిశోధన సంస్థ సీడాక్ కలిసి రూపొందించిన ఓల్యాబ్స్ వంటి ఆన్‌లైన్ ప్రయోగశాలలు మంచి ప్రయత్నమే. ప్రయోగశాలకు వెళ్లే ముందు రోజు ఒకసారి చూసుకుంటే చేతులు తడబడవు. అయితే అక్కడ చుక్క ఎక్కువ పడదు, బ్యూరెట్ కుళాయి (స్టాప్‌కాక్) కారదు, కొలత తప్పదు. తప్పు చేసే వీలే లేనిచోట ఒప్పు ఎలా పట్టుబడుతుంది? ప్రాక్టికల్స్‌కు ఉన్న 30 మార్కులు అడిగినా అడగకున్నా వచ్చి పడతాయన్న ధీమా చాలా కాలేజీల్లో పాతుకుపోయిందన్నది బహిరంగ రహస్యం. రికార్డు పుస్తకాన్ని ఒకరిది చూసి మరొకరు నింపుతారు. ఇది పిల్లలకు చేస్తున్న ద్రోహమని మేము నిస్సంకోచంగా అంటున్నాం. తార్నాకలో భారతీయ రసాయన సాంకేతిక సంస్థ ఉన్న నగరమిది. బాలానగర్, జీడిమెట్ల నుంచి పటాన్‌చెరు దాకా మందుల పరిశ్రమ విస్తరించిన నగరమిది. ఆ పరిశ్రమ గేటు దాకా నడిచి వెళ్లగలిగే దూరంలో ఉన్న విద్యార్థి బ్యూరెట్ పట్టకుండా ఇంటర్ దాటిపోతే, డిగ్రీ తర్వాత ఆ గేటు లోపలికి ఏ నైపుణ్యంతో వెళ్తాడు?

చేయవలసింది అసాధ్యమేమీ కాదు. జంట నగరాల్లోని ప్రభుత్వ జూనియర్ కాలేజీల ప్రయోగశాలలను నవంబరు నుంచి ఆదివారాల్లో తెరవాలి. ఏ కాలేజీలో చదివేవారైనా, పరీక్ష తప్పి ఇంట్లో ఆన్‌లైన్‌లో చదువుకుంటున్నవారైనా ముందుగా పేరు నమోదు చేసుకుని వచ్చి ప్రయోగం చేసుకునే వీలుండాలి. ఆమ్లాలతో పని కనుక అధ్యాపకుడూ, ల్యాబ్ సహాయకుడూ దగ్గర ఉండితీరాలి. వారికి ఆ రోజు వేతనం విడిగా ఇవ్వాలి, సేవాభావం పేరుతో ఉచితంగా చేయించుకోవడం తగదు. చిక్కడపల్లి నగర కేంద్ర గ్రంథాలయంలో ఉద్యోగార్థులు పొద్దస్తమానం కూర్చుని చదువుకోగలుగుతున్నారంటే కారణం ఆ తలుపు అందరికీ తెరిచి ఉండడమే. ప్రయోగశాల తలుపుకు అడ్డేమిటి?

జవాబులు దిద్దే ఏర్పాటు దీనికంటే సులభం. విద్యార్థి వారానికి రెండు జవాబులు కాగితం మీద రాసి, ఫొటో తీసి పంపితే, మూల్యాంకనంలో అనుభవమున్న అధ్యాపకుడు తప్పులు గుర్తుపెట్టి తిప్పి పంపాలి. విశ్రాంత అధ్యాపకులు ఈ నగరంలో కావలసినంత మంది ఉన్నారు, పిలిస్తే వస్తారు. మార్కులు ఏ మెట్టుకు ఎన్ని వేస్తారో తెలిపే మూల్యాంకన సూత్రాలను బోర్డు తెలుగు, ఇంగ్లిష్, ఉర్దూ మాధ్యమాల్లో ముందే బయటపెట్టాలి. తెలుగు, ఉర్దూ మాధ్యమాల పిల్లలకు ఇది మరీ అవసరం. పాఠమొక భాషలో విని, జవాబు మరో భాషలో రాసే భారం మోస్తున్నది వారే.

ప్రాక్టికల్ పరీక్షలు థియరీకి ముందే జరుగుతాయి కాబట్టి వ్యవధి ఎక్కువ లేదు. దసరా సెలవుల్లోగా బోర్డు ఏ కాలేజీల ప్రయోగశాలలు తెరుస్తుందో జాబితా ప్రకటించాలి. రసాయనాలకూ, గాజు సామగ్రికీ, అధ్యాపకుల అదనపు వేతనానికీ కావలసిన డబ్బును ఆర్థిక శాఖ ఆ జాబితాతోపాటే విడుదల చేయాలి.