అర్థం, పర్థం, ఒక జాయింట్ ఖాతా

సంక్రాంతికి ఊరెళితే పెద్దనాన్న అరుగు మీద కూర్చోబెట్టి అడిగారు. "పెళ్లా లేదు, పిల్లలా లేరు. ఆ అబ్బాయితో పదిహేడేళ్లుగా ఒకే ఇల్లు. నీ బతుక్కి అర్థం పర్థం ఉందట్రా?" మేమిద్దరం గే అన్న మాట మా ఇంట్లో ఎవరూ నోటితో అనరు. "ఆ అబ్బాయి" అంటే అందులోనే అన్నీ వచ్చేస్తాయి.

ప్రశ్న పెద్దది, అడిగినాయన ఇంకా పెద్ద. కనుమ దాకా గడువు కోరి విషయాన్ని శాస్త్రోక్తంగా పరిశీలించాను.

పర్థం ఎవరి దగ్గరా దొరకలేదు. ఇక అర్థం. పెళ్లిలో పురోహితుడు వరుడి చేత "ధర్మేచ, అర్థేచ, కామేచ" అని ఒక్క గుక్కలో చెప్పిస్తాడు. మాకు మాత్రం వాటిని వరస మార్చి వాయిదాల మీద మంజూరు చేస్తున్నారు. ముందు కామేచ. మాలాంటివాళ్ల కలయిక నేరం కాదని ఢిల్లీ హైకోర్టు 2009లో అంది. 2013లో సుప్రీంకోర్టు నేరమే అంది. 2018 సెప్టెంబర్ 6న అదే కోర్టు, ఇష్టపడ్డ పెద్దవాళ్ల మధ్య నేరం కాదని, ఆ నేరాన్ని రాసిపెట్టిన శిక్షాస్మృతి 377వ సెక్షన్ కోరలు పీకింది. ఈ మూడు తీర్పుల కాలంలోనూ మా ఇంట్లో కుక్కర్ ఒకటే. నేరస్థులుగా వండినా, పౌరులుగా వండినా పప్పు మూడు విజిళ్లకే ఉడికింది.

ధర్మేచ దగ్గర బండి ఆగింది. పెళ్లి ప్రాథమిక హక్కు కాదు, ఆ సంగతి పార్లమెంటు చూసుకోవాలి అని 2023 అక్టోబర్ 17న తీర్పొచ్చింది. కేసు వేసినవాళ్లలో మన హైదరాబాద్ జంట కూడా ఉందంటే పెద్దనాన్న మీసం కాస్త కదిలింది.

అర్థేచ మాత్రం 2024 ఆగస్టులో దక్కింది. జాయింట్ ఖాతా తెరవొచ్చు, నామినీగా పెట్టుకోవచ్చు అని ఆర్థిక శాఖ చెప్పింది. రేషన్ కార్డుకి ఒకే కుటుంబంగా చూడమని రాష్ట్రాలకు కేంద్రం రాసింది. అంటే బియ్యం తూకం దగ్గర కుటుంబం, రిజిస్ట్రార్ దగ్గర పరిచయస్థులం.

బ్యాంకు ఫారంలో "సంబంధం" అని ఒక గడి. కౌంటర్లో మేడం కళ్లజోడు సవరించుకుని "బ్రదరా?" అంది. కాదండి. "కజినా?" కాదండి. వెనక క్యూలో ఎవరో దగ్గారు. "ఇతరులు" అని రాసి ముద్ర కొట్టేసింది.

కనుమ నాడు నివేదిక సమర్పించాను. అర్థం ఉంది పెద్దనాన్నా, మినిమం బ్యాలెన్స్‌తో సహా. ఆయన సంతృప్తి చెందలేదు. అర్థవంతమైన దాంపత్యం ఎలా ఉంటుందో ఆయనకు తెలుసు మరి. ఆయనా పెద్దమ్మా నేరుగా మాట్లాడుకుని ఎన్నేళ్లయిందో లెక్క లేదు. ఉప్పు కావాలన్నా మధ్యలో మనవడి రాయబారం.

బయల్దేరేటప్పుడు పెద్దమ్మ రెండు డబ్బాల అరిసెలు తెచ్చింది. "ఇది నువ్వుల్లేనిది. ఆ అబ్బాయికి పడవన్నావుగా."

పెద్దనాన్న పేపరు అడ్డం పెట్టుకుని మనవణ్ణి పిలిచారు. "ఆ రెండో డబ్బాకి మూత గట్టిగా పెట్టమని చెప్పరా మీ నానమ్మకి."