పాత పని మరిచిపొమ్మనే సందేశానికి జవాబు

ఈ వారంలో నాలుగో మిత్రుడు కూడా అదే వాట్సాప్ సందేశాన్ని పంపించడంతో, ఇక ఒక్కొక్కరికీ విడిగా జవాబు రాసే ఓపిక లేక అందరికీ కలిపి రాస్తున్నాను. ‘ఉద్యోగం పోతే తప్పు నీదే’ అన్నది దాని శీర్షిక. కంప్యూటరు నేర్చుకోని బ్యాంకు గుమాస్తాలు రోడ్డున పడ్డారట, డిగ్రీ దండగట, తెల్లవారుజామున నాలుగింటికి లేవాలట, పాత పనిని పూర్తిగా మరిచిపోవాలట, రెజ్యూమెను నెలకోసారి తిరగరాసుకోవాలట. అడుగున 90 రోజుల కోర్సు లింకు ఉంది.

నాలుగింటికి లేవడం గురించి చర్చ అనవసరం, మా వీధికి పాలు వేసే అబ్బాయి పదేళ్లుగా లేస్తూనే ఉన్నాడు. డిగ్రీ దండగ అన్నవారు, తాము ఉదాహరణగా చూపిన ఆ బ్యాంకు గుమాస్తా ఉద్యోగానికే నేడు డిగ్రీ లేనిదే దరఖాస్తు తీసుకోరన్న సంగతి గమనించినట్టు లేదు.

బ్యాంకుల కథ కూడా వారు చెప్పినట్టు జరగలేదు. 1980లలో కంప్యూటర్లు వచ్చింది యాజమాన్యాలకూ ఉద్యోగ సంఘాలకూ కుదిరిన ఒప్పందాల మీద. సిబ్బందికి నేర్పించింది బ్యాంకులే, అదీ జీతమిస్తూ. 2000-01లో దాదాపు లక్షమంది ప్రభుత్వరంగ బ్యాంకులను వదిలిన మాట నిజమే కాని, వారు వెళ్లింది స్వచ్ఛంద పదవీ విరమణ పథకం కింద, సర్వీసులో ఒక్కో ఏడాదికి 60 రోజుల జీతమో, మిగిలిన సర్వీసు కాలానికి వచ్చే జీతమో, ఏది తక్కువైతే అది పరిహారంగా తీసుకుని. అంతెందుకు, 2020 నాటి పారిశ్రామిక సంబంధాల కోడ్ ప్రకారం తొలగించిన కార్మికుడి కొత్త శిక్షణ కోసం యజమాని 15 రోజుల వేతనాన్ని ఒక నిధికి జమ చేయాలి, అది 45 రోజుల్లోగా ఆ కార్మికుడి ఖాతాలో పడాలి. పదిహేను రోజుల జీతంతో కొత్త పని ఎవరు నేర్చుకోగలరని అడిగితే నా దగ్గరా జవాబు లేదు. తప్పు నీదే అని మాత్రం చట్టం కూడా అనలేదు.

అసలు విషమంతా నాలుగో సూత్రంలో, పాత పనిని పూర్తిగా మరిచిపోవాలన్న మాటలో ఉంది. నేను ప్రూఫులు దిద్దిన ముద్రణాలయంలో సీసపు అక్షరాలు పేర్చే కంపోజిటర్ ఒకాయన ఉండేవారు. డీటీపీ, అంటే కంప్యూటరులోనే పేజీలు కూర్చే పద్ధతి, వచ్చాక ఆయన చేతికి మౌసు అలవాటు కావడానికి నెల పట్టింది, పేజ్‌మేకరూ తెలుగు టైపుకు వాడే అను ఫాంట్ల కీబోర్డూ వంటబట్టడానికి మరో నాలుగు నెలలు. కోర్సు చేసి వచ్చిన కుర్రవాడు ఆయనకు మూడింతల వేగంతో కొట్టేవాడు. ఒకరోజు ఆ కుర్రవాడు శుభలేఖ పూర్తి చేసి, అచ్చుకు వెళ్లే బటర్ పేపరు మీద ప్రింటు కూడా తీసి ఉంచాడు. ఈయన దానిని చేతిలోకి తీసుకుని, ‘శ్రీరస్తు, శుభమస్తు, అవిఘ్నమస్తు’ నుంచి ఒక్కొక్క పంక్తీ చూసుకుంటూ వచ్చి, ముహూర్తం దగ్గర ఆగి, గోడమీది క్యాలెండరు తిప్పి, ‘ఈ తేదీ గురువారం కాదండీ, శుక్రవారం’ అన్నారు. ప్రూఫు చూసిన నేనూ దాటేసిన తప్పు అది.

తర్వాత ఏ కంప్యూటరులోనైనా తెలుగు అక్షరాలు తెలుగుగానే కనిపించేలా చేసే యూనికోడ్ వచ్చింది. అను ఫాంట్లలో కొట్టినదాన్ని వెబ్‌సైటులో అతికిస్తే పిచ్చి గుర్తులుగా కనిపించే ఆ రోజుల్లో, మార్పిడి సాఫ్ట్‌వేరు చెడగొట్టిన ఒత్తులను వెతికి సరిచేసే పనీ ఆయనకే వచ్చింది. ఇటువంటి మనిషి పాత పని మరిచిపోతే మిగిలేది ఏమిటి, నిదానంగా టైపు చేసే ఒక ముసలి ఆపరేటరేగా? మరిచిపోవడానికి కూడా 90 రోజుల కోర్సు ఉందేమో, ఫీజు ఎంతో కనుక్కుని నాలుగో మిత్రుడే చెప్పాలి.

ఇంత రాశాక ఒకటి ఒప్పుకోక తప్పదు. రెజ్యూమె సంగతి వారు చెప్పింది సబబే. దాన్ని కూడా వెక్కిరిద్దామనే నిన్న రాత్రి నాది తెరిచి చూశాను. 2011 నుంచి ముట్టుకోలేదు. ఇరవై ఏళ్ల పనికి ‘ప్రూఫ్ రీడింగ్’ అన్న ఒక్క మాట తప్ప ఏమీ లేదు. పదకొండు దాటేదాకా కూర్చుంటే రెండు పేరాలు వచ్చాయి, మిగతాది ఈ రాత్రికి. లింకు మాత్రం నొక్కలేదు.