స్టేషన్‌లో ఇచ్చేది కౌన్సెలింగేనా?

నెల్లూరులోనో ఒంగోలులోనో పదిహేనేళ్ల కుర్రాడు బండి దొంగతనంలోనో, ట్యూషన్ బయట కొట్లాటలోనో దొరికితే మర్నాడు పేపర్లో ఒక వాక్యం తప్పకుండా ఉంటుంది: పోలీసులు కౌన్సెలింగ్ ఇచ్చి తల్లిదండ్రులకు అప్పగించారు. మేమూ ఎన్నోసార్లు రాశాం. లోపల ఏం జరిగిందని మాత్రం అడగలేదు, ఎందుకంటే అందరికీ తెలుసు. తల్లి కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడుస్తుంటుంది, తండ్రి చేతులు కట్టుకుని నిలబడతాడు, కుర్రాణ్ని కాసేపు తిట్టి, ఇంకోసారి కనిపిస్తే తోలు తీస్తామని చెప్పి, కాగితం మీద సంతకం పెట్టించుకుంటారు. మిగతా సగం ఇంటికెళ్లాక తండ్రి పూర్తి చేస్తాడు. రౌడీషీటర్లను ఆదివారం స్టేషన్‌కు పిలిచి హెచ్చరించడాన్నీ మనం ఇదే పేరుతో పిలుస్తున్నాం మరి.

భయపెడితే దారికొస్తారనే నమ్మకం మన ఒక్కరిదే కాదు. అమెరికాలో ఇలాంటి పిల్లల్ని జైళ్లకు తీసుకెళ్లి, ఖైదీల చేత అరిపించి బెదరగొట్టే కార్యక్రమాలు ఏళ్ల తరబడి నడిచాయి. తర్వాత లెక్కలు తీస్తే, వెళ్లని పిల్లల కంటే వెళ్లొచ్చినవాళ్లే మళ్లీ ఎక్కువగా నేరాల్లో దొరికారు.

ఒక కొట్లాట ఎలా మొదలవుతుందో చూడండి. 'ఏందిరా ఆ చూపు?' అంతే. అవతలివాడు నిజంగా చూశాడో లేదో, ఎండకు కళ్లు చికిలించాడో ఎవరికీ అక్కర్లేదు. చీటికీమాటికీ చెయ్యెత్తే పిల్లల్లో చాలామందికి అవతలివాడి ప్రతి కదలికా కావాలని చేసిన అవమానంలా కనిపిస్తుందని మనస్తత్వ పరిశోధకులు ఎప్పట్నుంచో చెబుతున్నారు. దానికితోడు ఆవేశాన్ని ఆపాల్సిన మెదడు ముందుభాగం ఇరవై దాటాక కూడా ఎదుగుతూనే ఉంటుంది. అంటే యాక్సిలరేటర్ బాగానే పనిచేస్తోంది, బ్రేకు ఇంకా బిగించలేదు. ఆ బ్రేకు ఎలా వెయ్యాలో నేర్పడమే థెరపీ. పిడికిలి బిగుసుకోవడం, చెవులు వేడెక్కడం లాంటి గుర్తుల్ని ముందే పట్టుకోవడం, అక్కణ్నుంచి పక్కకు జరగడం, నిదానంగా ఊపిరి వదలడం, వాడు కావాలనే గుద్దాడా లేక బస్సు కుదుపుకి తగిలాడా అని ఇంకో కోణంలో ఆలోచించడం. చదవడానికి చిన్నపిల్లల ఆటలా ఉంటుంది, నిజమే. కానీ సైకిల్ తొక్కడం లాగే ఇదీ ఉపన్యాసంతో రాదు. వారం వారం కూర్చుని, నటించి చూసి, తప్పుచేసి, మళ్లీ చేస్తేనే వస్తుంది. కోపాన్ని మింగెయ్యమని చెప్పడం కాదిది, మింగిన కోపం ఎక్కడో ఒకచోట బయటపడుతుంది.

ఇంటిని వదిలేసి పిల్లాడొక్కణ్నే బాగుచెయ్యడమూ కుదరదు. తండ్రి చీమకుర్తి క్వారీలోనో రొయ్యల చెరువు కాపలాలోనో ఉండి ఏ రాత్రికో ఇల్లు చేరతాడు, వచ్చీరాగానే ఫిర్యాదు వింటాడు, చెయ్యెత్తుతాడు. కోపమొస్తే కొట్టాలని కుర్రాడు నేర్చుకున్నది ఎక్కడ? అందుకే థెరపిస్టే ఇంటికెళ్లి నెలల తరబడి తల్లిదండ్రులతో కలిసి పనిచేసే పద్ధతులు కొన్ని దేశాల్లో వచ్చాయి. అన్నిచోట్లా ఒకే ఫలితం ఇచ్చాయని మేం అనడం లేదు. సంతకం పెట్టించుకుని పంపడం కంటే మాత్రం ఆలోచించి చేసిన పని.

'ఇప్పుడే అణచకపోతే పెద్ద రౌడీ అవుతాడు' అంటారు. టెర్రీ మోఫిట్ అనే శాస్త్రవేత్త 1993లోనే చెప్పారు, టీనేజీలో తప్పులు చేసేవాళ్లలో ఎక్కువమంది పెద్దయ్యేసరికి వాళ్లంతట వాళ్లే మానేస్తారని. చిన్నప్పట్నుంచి మొదలై జీవితాంతం సాగేది కొద్దిమందిలోనే. దెబ్బలు తిన్నవాడి సంగతేమిటని అడిగితే అదీ న్యాయమైన ప్రశ్నే. థెరపీ అంటే తప్పు మాఫీ కాదు, తీవ్రమైనదైతే ఇలాంటి పిల్లల కోసమే ఉన్న స్పెషల్ హోమ్‌లో మూడేళ్ల దాకా ఉంచే అధికారం, పిల్లల కేసులు విచారించే జువనైల్ జస్టిస్ బోర్డుకు ఎలాగూ ఉంది.

చట్టంలో లోటు పెద్దగా లేదు. 2015 జువనైల్ జస్టిస్ చట్టం ప్రకారం పిల్లల్ని లాకప్‌లో పెట్టకూడదు, ప్రతి స్టేషన్‌లో పిల్లల సంక్షేమం చూసే అధికారి ఒకరుండాలి, ప్రొబేషన్ అధికారి పదిహేను రోజుల్లో ఇంటి పరిస్థితుల మీద నివేదిక ఇవ్వాలి. గ్రూపు కౌన్సెలింగ్‌కు, మత్తు మాన్పించే కేంద్రానికి పంపమని ఆదేశించే వీలూ బోర్డుకు ఉంది. కానీ సైకాలజిస్టు పేరు గట్టిగా వినపడేది ఎక్కడంటే, ఘోర నేరంలో పదహారు దాటిన పిల్లాణ్ని పెద్దవాడిలా విచారించవచ్చా అని తేల్చేటప్పుడు. మొదటిసారి సైకిల్ ఎత్తుకెళ్లినప్పుడు రావలసిన మనిషి, అంతా అయిపోయాక వస్తున్నాడన్నమాట.

మేం అడుగుతున్నది కొత్త భవనం కాదు. నెల్లూరు, ఒంగోలు రెండుచోట్లా ప్రభుత్వ వైద్య కళాశాలల ఆసుపత్రులున్నాయి. వారంలో ఒక సాయంత్రం, బడి అయ్యాక, బోర్డు పంపిన పిల్లల కోసం ఒక గది, శిక్షణ ఉన్న ఒక మనిషి, తల్లిదండ్రులకు విడిగా ఒక గంట. ఈలోపు ఇంట్లో ఎవరికైనా దిక్కుతోచకపోతే 14416కు ఫోన్ చెయ్యొచ్చు, టెలీ మానస్ అనే ఈ ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ ఉచితం, తెలుగులోనే మాట్లాడతారు.

మా వైపు నుంచీ ఒక తప్పుంది. ముఖం కనపడకుండా చేసి, పక్కనే వీధి పేరు, తండ్రి చేసే పని వేసేస్తున్నాం, ఊళ్లో ఎవరికి తెలియదు ఇక? పిల్లల ఆనవాళ్లు బయటపెట్టడం అదే చట్టంలోని 74వ సెక్షన్ కింద శిక్షార్హం కూడా. అది ఇవాళ్టితో ఆపేస్తున్నాం. స్టేషన్‌లో తిట్టి పంపితే 'తిట్టి పంపారు' అనే రాస్తాం.