‘దివ్యాంగులకు ఆన్‌లైన్ వ్యాయామం వద్దు’ అన్న సందేశానికి జవాబు

బెంగళూరు తెలుగువారి వాట్సాప్ గ్రూపుల్లో కొన్నాళ్లుగా ఒక సందేశం తిరుగుతోంది. వైకల్యం ఉన్న శరీరానికి విశ్రాంతే మందట. చక్రాల కుర్చీ తోసుకోవడమే చాలినంత వ్యాయామమట. పక్కన మనిషి లేకుండా ఫోను చూసి చేసే కసరత్తు మోసమట, పైగా ప్రాణాపాయమట. చివర ‘పదిమందికీ పంపండి’ అని ఉంది, పంపుతున్నారు. నేను ఈ ఊళ్లోనే ఫిజియోథెరపిస్టును. ఆన్‌లైన్ తరగతులకు రుసుము కూడా తీసుకుంటాను. ఆ సంగతి మనసులో పెట్టుకునే నా మాటలను తూచండి.

మొదట విశ్రాంతి మాట. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో వెలువరించిన శారీరక శ్రమ మార్గదర్శకాల్లో, వైకల్యంతో జీవిస్తున్నవారికి తొలిసారి విడిగా సిఫార్సులు చేసింది. పెద్దలు వారానికి 150 నుంచి 300 నిమిషాలు ఓ మోస్తరు శ్రమ చేయాలి, కనీసం రెండు రోజులు కండరాలకు బలం చేకూర్చే వ్యాయామం చేయాలి. మిగతా వయోజనులకు చెప్పిన కొలతే ఇది. అంత కుదరకపోతే కుదిరినంత చేసినా మేలే. మనిషి ప్రస్తుత శక్తికీ ఆరోగ్యానికీ తగినట్లు ఉంటే పెద్ద ప్రమాదమేమీ లేదని కూడా ఆ సంస్థ స్పష్టంగా చెప్పింది. ఒకప్పుడు వెన్నుపాము దెబ్బతిన్నవారిని మంచానికే వదిలేసేవారు. పడకపుండ్లతో, మూత్రపిండాల ఇన్ఫెక్షన్లతో చాలామంది చనిపోయేవారు. ఇంగ్లండులోని స్టోక్ మాండెవిల్ ఆసుపత్రిలో డాక్టర్ లుడ్విగ్ గుట్‌మన్ 1944 నుంచి వారిని లేపి కూర్చోబెట్టి ఆటలాడించారు. 1948 జూలై 29న, లండన్ ఒలింపిక్స్ మొదలైన రోజునే, ఆ ఆసుపత్రి ఆవరణలో వారికి విలువిద్య పోటీ పెట్టారు. మన సందేశకర్త ఇంకా 1944కు ముందే ఉన్నారు.

విశ్రాంతి మాటలో నిజం ఉన్న చోటు ఒకటి ఉంది: పోలియో. చిన్నప్పుడు పోలియో వచ్చినవారి కండరాలు దశాబ్దాల తర్వాత మళ్లీ బలహీనపడవచ్చు. వాటిని అలసిపోయేదాకా వాడితే నష్టమే. వారికి తక్కువ బరువు, తక్కువ సార్లు, మధ్యలో ఎక్కువ విరామం కావాలి. అంతేగాని వ్యాయామమే వద్దని కాదు.

కుర్చీ తోసుకుంటే చాలదా అంటే, చాలదు. తోసేటప్పుడు ఛాతీ, భుజం ముందు కండరాలే ఎక్కువ పనిచేస్తాయి, వెనుకవి వెనకబడతాయి. చక్రాల కుర్చీ వాడేవారిలో భుజం నొప్పి అంత తరచుగా కనిపించడానికి ఇదొక కారణం. వెన్నుపాము గాయం ఉన్నవారికి 2018లో వెలువడిన అంతర్జాతీయ మార్గదర్శకం వారానికి రెండుసార్లు, ఒక్కోసారి కనీసం 20 నిమిషాల చొప్పున ఆయాసం వచ్చే శ్రమతో పాటు, పనిచేసే ప్రధాన కండరాలకు విడిగా బలవర్ధక వ్యాయామం కూడా కావాలంటుంది. అయినా మన కాలిబాటల మీద ఎవరు, ఎంత దూరం తోసుకోగలరో సందేశం రాసినవారు ఒకసారి బయటికి వచ్చి చూడవచ్చు.

ఇక తెర సంగతి. కొన్ని పనులకు చేయి తగలాల్సిందే. కొత్తగా గాయపడినవారిని మంచం నుంచి కుర్చీలోకి మార్చడం నేర్పాలన్నా, బిగుసుకున్న కండరాన్ని అంచనా వేయాలన్నా నేను ఎదురుగా ఉండాలి. అందుకే తొలి పరీక్ష నేరుగా జరగాలి. అందుకు మన ఊళ్లోనే మానసిక, నాడీ వైద్యానికి పేరున్న నిమ్హాన్స్ ఆసుపత్రిలో నాడీ పునరావాస విభాగం ఉంది. దివ్యాంగుల కోసం ఎన్.ఎస్. హేమ 1959లో నెలకొల్పిన ఏపీడీ (అసోసియేషన్ ఆఫ్ పీపుల్ విత్ డిసెబిలిటీ) సంస్థ లింగరాజపురంలో ఉంది. కానీ ఆ తర్వాతి పని నెలల తరబడి అదే కదలికను మళ్లీ మళ్లీ చేయడం. దానికోసం ప్రతిసారీ వైట్‌ఫీల్డ్ నుంచి హోసూరు రోడ్డుకు రమ్మంటే? క్యాబ్ డిక్కీలో సగం గ్యాస్ సిలిండరే ఉంటుంది, కుర్చీ పట్టదు. పట్టినా ట్రాఫిక్ దాటి వచ్చేసరికి మనిషి అలసిపోతాడు. నాలుగు వారాలు వచ్చి మానేసినవారిని చాలామందిని చూశాను. వీడియోలో మరో లాభం ఉంది. మంచం ఎత్తు, స్నానాల గది గడప, కుర్చీ బ్రేకు అరిగిన తీరు, సాయం చేసే అమ్మ నడుము వంచే పద్ధతి, ఇవేవీ క్లినిక్‌లో నాకు కనిపించవు. చాలాసార్లు వ్యాయామం కంటే ముందు మంచం ఎత్తే మార్పిస్తాను.

ప్రాణాపాయం అన్న మాటను మాత్రం తేలిగ్గా తీసుకోను. ఛాతీ భాగంలోని ఆరో పూస దగ్గర గానీ, ఆపైన గానీ వెన్నుపాము దెబ్బతిన్నవారికి మూత్రాశయం నిండినా, మూత్రం బయటికి పోయేందుకు పెట్టిన కాథెటర్ గొట్టం మెలిపడినా రక్తపోటు ఒక్కసారిగా ఎగబాకవచ్చు. ఆటోనామిక్ డిస్‌రిఫ్లెక్సియా అంటారు. తల పగిలిపోతున్నట్లు నొప్పి, ముఖం ఎర్రబడటం, చెమటలు దాని గుర్తులు. వెంటనే నిటారుగా కూర్చోబెట్టి, బిగుతు బట్టలు వదులు చేసి, గొట్టం చూడాలి. తగ్గకపోతే ఆసుపత్రికి పరుగెత్తాలి. వీరిలో గుండె వేగం మామూలుగా పెరగదు కాబట్టి చేతి గడియారం చూపే అంకెను నమ్మకూడదు. మాట్లాడగలుగుతూ పాట పాడలేనంత ఆయాసం ఉంటే శ్రమ సరిపోయినట్లే. అయితే ఈ ప్రమాదం క్లినిక్‌లోనూ వస్తుంది. చూసేవారెవరో తెలియకుండా అందరికీ ఒకే కసరత్తు చెప్పే వీడియోలు, నలభై ముఖాలు ఒకే తెర మీద కుక్కిన తరగతులు దాన్ని పెంచుతాయి. అక్కడ సందేశంతో నాకు పేచీ లేదు.

మోసాలూ ఉన్నాయి. ఇన్ని రోజుల్లో నడిపిస్తామని హామీ ఇచ్చే ప్రకటన కనిపిస్తే డబ్బు కట్టకండి. గాయం ఏ స్థాయిలో ఉంది, చర్మం మీద పుండ్లున్నాయా, మూత్రం ఎలా వెళుతోంది, తరగతి సమయంలో ఇంట్లో ఎవరుంటారు, ఏదైనా జరిగితే ఏ నంబరుకు ఫోను చేయాలి అని ముందే అడగనివారికి కూడా కట్టకండి. నేను అడగకపోతే నాకూ కట్టకండి.