ప్రొఫెసర్ ఏమే రీటా

నిన్న మా డిపార్ట్‌మెంటులో మేడంగారికి సన్మానం. రిటైరయ్యాక కూడా ఎమెరిటస్ ప్రొఫెసర్‌గా కొనసాగమని ఆర్డరొచ్చింది. శాలువా, సమోసాలు వేరేవాళ్లు చూసుకున్నారు. ఫ్లెక్సీ నా నెత్తిన పడింది.

ఆర్డర్లో ఉన్నట్టే రాయించి ఊరుకుంటే సరిపోయేది. కానీ ఈ లాటిన్ విశేషణం మగవాళ్లకైతే 'ఎమెరిటస్', ఆడవాళ్లకి 'ఎమెరిటా' అని స్టాఫ్‌రూములో పాండిత్యం ఒలకబోశాను. ఆర్డరిచ్చిన ఆఫీసుకే పట్టని లింగభేదం నాకెందుకో! ఫ్లెక్సీ తెలుగులోనే ఉండాలని సూపరింటెండెంటుగారి పట్టు. షాపు కుర్రాడికి ఫోన్లో చెప్పాను. అవతల జనరేటర్ మోత. "అర్థమైంది సార్" అన్నాడు. ఏమర్థమైందో ఆ తర్వాత తెలిసింది.

తెర తీశారు. మేడంగారి నిలువెత్తు ఫొటో, కింద బంగారు రంగులో 'ప్రొఫెసర్ ఏమే రీటా'.

మేడం పేరు రీటా కాదు. అయినా, పేరు ఏదైతేనేం, ముప్పై ఏళ్లు పాఠాలు చెప్పినావిడని "ఏమే" అంటారా?

ఒక్క గెంతులో వెళ్లి 'ఏమే'కి వీపు ఆనించాను. 'రీటా' మిగిలింది, ముందు వరసలో వాళ్లాయన. ఎడమచెయ్యి చాపాను. 'రీ' మూసుకుంది. ఇప్పుడు 'ప్రొఫెసర్... టా!' అని ఎవరో మూతి తిప్పుతున్నట్టుంది. అటు జరిగితే మళ్లీ 'ఏమే'.

ఎమెరిటస్ అంటే మొదట్లో కొలువు పూర్తిచేసిన రోమన్ సిపాయి. వాళ్లని స్థిరపరచడానికే అగస్టస్ హయాంలో క్రీ.పూ. 25లో స్పెయిన్‌లో ఎమెరిటా అగస్టా అని ఊరే వెలిసింది. ఇప్పుడది మెరిదా. ఇరవై ఏళ్లు కాపలా కాసినవాడికి పొలమో డబ్బో ముట్టేది. నలభై నిమిషాలు అక్షరాలకి కాపలా కాసిన నా వైపు సమోసా పళ్లెం కూడా రాలేదు. పైగా వక్తల్లో ఒకాయన, "చూడండి మా వాడి వినయం, గురువుగారి ముందు కూర్చోనంటే కూర్చోనన్నాడు" అని చప్పట్లు కొట్టించాడు.

మధ్యలో జేబులో ఫోను మోగింది. కుర్రాడు. "సార్, రాత్రి పదకొండున్నరకి వాట్సాప్‌లో పెట్టాను కదా, మీరు బొటనవేలు పెట్టారు. మిగతా డబ్బులు ఎప్పుడు?"

చివర్లో గ్రూప్ ఫొటో. అందరూ సర్దుకున్నాక కెమెరా అతను చెయ్యి ఊపాడు.

"సార్, కాస్త పక్కకి. పేరు కనపడట్లేదు."

జరిగాను.