కాల్షియం మాత్ర గారికి విన్నపం

మహారాజశ్రీ కాల్షియం మాత్ర గారికి,

నమస్కరించి వ్రాయునది. ఈ ఉదయం రక్తపరీక్షలో నా టీఎస్‌హెచ్ (ఒంట్లో థైరాయిడ్ హార్మోను చాలకపోతే పెరిగేది) మళ్ళీ పెరిగిందని తేలింది. థైరాయిడ్ మాత్ర మోతాదు పెంచబోయిన డాక్టరు గారు కలం ఆపి, తమరిని ఏ వేళకు వేసుకుంటున్నానని అడిగారు. రెండు మాత్రలనూ పొద్దున్నే వేసుకోవాలని మందుల షాపులో కవరు మీద గుర్తు పెట్టి ఇచ్చారు, నేనూ అలాగే మింగుతూ వచ్చాను. తమరు కడుపులో చేరితే, అక్కడున్న థైరాక్సిన్‌ను, అంటే థైరాయిడ్ మాత్రలోని మందును, పట్టుకుని రక్తంలోకి సరిగా పోనివ్వరట. ఇన్నాళ్ళ నీరసానికీ, మతిమరుపుకూ కారకులు తమరేనని తెలిసి ధన్యుడనయ్యాను.

ఇద్దరి మధ్యా నాలుగు గంటల ఎడం ఉండాలన్నారు. వినడానికి సులువే. థైరాయిడ్ మాత్ర పరగడుపున, ఏదైనా తినడానికి అరగంట నుంచి గంట ముందు పడాలి. తమరు కార్బొనేటు వంశస్థులు కనుక, కడుపులో ఆమ్లం ఊరితే తప్ప కరగరు; అందుచేత భోజనంతోనే వేంచేస్తారు. ఆరింటికి ఆ మాత్ర వేసుకుంటే పదింటిదాకా తమకు ప్రవేశం లేదు, పదింటికి నాకు భోజనం లేదు. పోనీ తమ పొద్దుటి మోతాదును కూడా కలిపి మధ్యాహ్నం ఒకేసారి మింగుదామంటే, ఒక విడతకు 500 మిల్లీగ్రాముల కాల్షియం దాటితే పేగులు సరిగా పీల్చుకోవు. ఐరన్ మాత్రకు మీ ఇద్దరితోనూ పొసగదు కనుక దానికి వేరే ముహూర్తం వెతకాలి. నేను నిద్రపోవలసిన వేళ ఏదో కూడా తమరే సెలవిస్తే బాగుండును.

అట్ట మీద 1250 అని అచ్చువేయించుకుని, అందులో కాల్షియం 500 మాత్రమేనని చిన్న అక్షరాల్లో ఒప్పుకోవడం తమ పెద్దరికానికి తగినదే. తమరు తెచ్చిపెట్టే మలబద్ధకం గురించి మర్యాదకు ఊరుకుంటున్నాను.

అసలు నీకింత వైభోగం ఎక్కడిది? థైరాయిడ్‌కు ఆపరేషన్ చేసినప్పుడు దాని వెనుక నక్కి ఉన్న నాలుగు పారాథైరాయిడ్ గ్రంథులు దెబ్బతినబట్టి కదా నువ్వు నా ఇంట అడుగుపెట్టావు! ఒక్కొక్కటీ దాదాపు 40 మిల్లీగ్రాములు తూగే ఆ గ్రంథులు, ఏ వేళ ఏం తిన్నావని నన్ను ఏనాడూ అడగకుండా, రక్తంలో కాల్షియంను డెసిలీటరుకు 8.5, 10.5 మిల్లీగ్రాముల మధ్య నిలబెట్టాయి. నువ్వేమో ఇంత భారీకాయంతో వచ్చి కూడా, కాల్సిట్రయాల్ (విటమిన్ డి క్రియాశీల రూపం) తోడు లేనిదే పేగు గోడ సరిగా దాటలేవు. పైగా మెగ్నీషియం తగ్గితే మీ ఇద్దరూ కలిసినా రక్తంలో కాల్షియం సరిగా నిలవదు.

అయినా నిన్ను వదలలేను. మొన్న భోజనం ఆలస్యమై నీ వేళ తప్పేసరికి పెదవుల చుట్టూ తిమ్మిరి మొదలై, వేళ్ళు కొంకర్లు పోయాయి. నిన్ను నమిలి మింగాక, కాసేపటికి అవే వేళ్ళు విడివడ్డాయి. ఆ మేలు మరచిపోను. ఇకపై మధ్యాహ్న భోజనానికీ, రాత్రి భోజనానికీ రా. తెల్లవారుజామున మాత్రం నా గడప తొక్కకు.

ఇట్లు,
తమ భారం మోస్తున్న గొంతు