3:1 గారికి బహిరంగ లేఖ

శ్రీయుత 3:1 నిష్పత్తి గారికి,

కావలి నుంచి పదో తరగతి జీవశాస్త్రం చెప్పేవాళ్లం రాయునది. ఇక్కడ మేం క్షేమం. తమరు మాత్రం ఉండాల్సిన దానికంటే కాస్త ఎక్కువ క్షేమంగా ఉన్నారు, అందుకే ఈ లేఖ.

అనువంశికత పాఠంలో ఏ ప్రశ్న అడిగినా మా పిల్లలు తమరినే రాసేస్తున్నారు. శుద్ధ పొడవు బఠాణీ మొక్కని శుద్ధ పొట్టిదానితో సంకరం చేస్తే మొదటి తరం మొత్తం పొడవే. అక్కడ తమరికి పనే లేదు. ఆ తరంలో స్వపరాగ సంపర్కం (తన పుప్పొడి తనకే అందడం) జరిగితే, రెండో తరంలో తమరి రాక, మూడు పొడవుకి ఒక పొట్టి చొప్పున. అదీ పైకి కనిపించే దృశ్యరూపానికే. లోపలి జన్యువుల జత, అంటే జన్యురూపం అడిగితే ఆ పీట 1:2:1 గారిది. ఒక పొడవు జన్యువు, ఒక పొట్టి జన్యువు ఉన్న విషమయుగ్మజ పొడవు మొక్కని పొట్టిదానితో కలిపితే 1:1. పిలవని పేరంటాలకు వెళ్లి పిల్లల మార్కులు తినేయడం తమరికి తగునా?

అసలు చిక్కంతా, తల్లిదండ్రుల జన్యువులు ఎలా జతపడతాయో చూపడానికి పన్నెట్ అనే శాస్త్రవేత్త గీసిన నాలుగు గళ్లతో వచ్చింది. నాలుగు గింజలు నాటితే, రేషన్ షాపులో కార్డుకింత అని కొలిచి పోసినట్టు, మూడు పొడవు, ఒకటి పొట్టి వచ్చేస్తాయని నమ్మకం. ఆ గళ్లు మొక్కలు కావు, అవకాశాలు. నాలుగు మొక్కల్లో సరిగ్గా తమరే వచ్చే అవకాశం 256లో 108, అంటే 42 శాతం. ఒక్క పొట్టి మొక్కా రాకపోయే అవకాశం 256లో 81. బఠాణీలతో ఈ లెక్క తేల్చిన సాక్షాత్తు మెండెల్‌కే 787 పొడవు, 277 పొట్టి వచ్చాయి, 2.84:1. గుండ్రటి గింజలు 5,474, ముడతలవి 1,850 ఆయన లెక్కపెట్టాక తమరు 2.96:1 దాకా వచ్చారు. అంత బెట్టు చేసిన తమరు నాలుగు గింజలకే దర్శనమిస్తారా?

తమరి గుట్టు విప్పడానికి రెండు డబ్బాలు చాలు. ఒకటి తల్లి, ఒకటి తండ్రి. ఒక్కోదాంట్లో 10 పచ్చ గోళీలు, 10 తెల్లవి, అన్నీ ఒకే సైజువి. పచ్చది పొడవు జన్యువు, తెల్లది పొట్టి జన్యువు. సైజు తేడా ఉంటే వేళ్లు కనిపెట్టేస్తాయి. చూడకుండా ఒక్కోదాంట్లోంచి ఒకటి తీసి, జత రాసుకుని, ఏ డబ్బాది ఆ డబ్బాలోనే వేసి కుదపాలి. రెండూ తెల్లవైతేనే పొట్టి. తీసినవి తిరిగి వేయడం మరిచారో, ఒక తెల్లగోళీ పోయాక మిగిలిన 19లో తెల్లవి 9, లెక్క అక్కడే జారిపోతుంది. 100 సార్లు తీస్తే పొట్టి జతలు సరిగ్గా 25 రానక్కర్లేదు. 16కీ 34కీ మధ్య ఎక్కడ ఆగినా కంగారు పడొద్దు.

క్లాసులో అయితే మార్కులే పోతాయి. ఇళ్లలో తమరి పేరు చెప్పి చేసే లెక్కలే భయం. భార్యాభర్తలిద్దరూ తలసీమియా (వంశపారంపర్యంగా వచ్చే రక్తజబ్బు) వాహకులై, అంటే తమకు జబ్బు లేకున్నా దాని జన్యువు ఒక్కోటి మోస్తూ, పెద్దబిడ్డకు జబ్బు వస్తే, "నలుగురిలో ఒకరికేగా, ఇక మిగతావాళ్లకి ఢోకా లేదు" అంటారు. గోళీ డబ్బాలోకి తిరిగి వెళ్లిపోయింది కదా! ప్రతి కాన్పుకీ మళ్లీ అదే 25 శాతం. వాహకులకు పైకి ఏమీ కనిపించకపోవచ్చు, హిమోగ్లోబిన్ ఎలెక్ట్రోఫోరెసిస్ లాంటి రక్తపరీక్షలో బయటపడుతుంది. ఇద్దరూ ముందే చేయించుకోవాలి.

"ముగ్గురూ ఆడబిడ్డలే గదమ్మే, ఈసారి ఖాయంగా మొగబిడ్డే" అనే పెద్దమ్మలదీ ఇదే లెక్క. అక్కడ ప్రతిసారీ దాదాపు సగం సగం. పైగా తల్లి దగ్గర ఇవ్వడానికి ఎక్స్ క్రోమోజోమ్ తప్ప ఇంకోటి లేదు, మొగబిడ్డకి కావాల్సిన వై రావాలంటే తండ్రి నుంచే. మాటలు పడేది మాత్రం కోడలు.

ఇంకో మనవి. చెవితమ్మె అంటుకుని ఉందా లేదా అన్నది కూడా ఒక్క జన్యువు తేల్చేది కాదని తెలిశాక, తమరు అక్కణ్ణుంచి గౌరవంగా తప్పుకోవాల్సింది. ఇప్పుడు కొందరు ఒంగోలు గిత్త ఎత్తుకీ, బండలాగే బలానికీ తమరినే వాడుతున్నారు. వాటి వెనక బోలెడు జన్యువులు, ఆపైన మేత, పెంపకం. తమరు బఠాణీ మడిలోనే ఉండండి. బండలాగుడు పందేల దగ్గరికొచ్చి గిత్త కుమ్మితే మా పూచీ లేదు.

ఇట్లు,
జవాబు పత్రాలు దిద్దలేక,
జీవశాస్త్రం చెప్పేవాళ్లం